సన్నగనా, దొడ్డుగనా?

మా వీధి చివర పిండి గిర్నీలో గోధుమల డబ్బా కింద పెట్టగానే గిర్నీ అన్న అడిగేది ఒకటే ప్రశ్న. “సన్నగనా, దొడ్డుగనా అక్కా?” పదిహేనేళ్ళుగా నా జవాబు కూడా ఒకటే. “సన్నగనే అన్నా, పుల్కాలకి.” సాయంత్రం వెళ్ళి వెచ్చటి డబ్బా చంకన పెట్టుకుని రావడం. ఆ ప్రశ్నలో ఆలోచించాల్సింది ఏదైనా ఉందని నాకు ఏనాడూ తోచలేదు. బ్రెడ్డు చేయడం మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఇటుకలు తయారుచేశాక గాని తెలియలేదు, అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉందని.

గోధుమలు ఇంట్లోనే పట్టుకుని ఆ పిండితో బ్రెడ్డు చేసుకుంటానని చెబితే ఎదుటివాళ్ళు రెండు రకాలుగా స్పందిస్తారు. “అబ్బ, ఎంత ఆరోగ్యమో!” అనేవాళ్ళు కొందరు. “అబ్బ, ఎంత తీరికో!” అనేవాళ్ళు ఇంకొందరు. రెండో రకంవాళ్ళకు శనివారం పొద్దున మా వంటింటికి వచ్చి చూడమని చెబుతాను. మొదటి రకంవాళ్ళతోనే నా పేచీ. ఆరోగ్యం పేరుతో ఈ పిండి గురించి చెప్పుకునే మాటల్లో చాలావరకు అతిశయోక్తి, కొన్ని పచ్చి అబద్ధాలు. నిజమైన కొద్దిపాటి లాభం కోసమైతే ఇరవై వేలు పోసి మర కొనక్కర్లేదు. నేను కొన్నది వేరే పని కోసం. పిండి ఎంత దొడ్డుగా ఉండాలో నేనే తేల్చుకోవడానికి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

2020 లాక్‌డౌన్‌లో ఊరంతా చేసిన పనే నేనూ చేశాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి, మైదా అన్నచోటల్లా గిర్నీలో పట్టించిన గోధుమపిండి వేశాను. కొలతలు మార్చలేదు, నీళ్ళు మార్చలేదు. పిండి పొంగినట్టే పొంగి, ఓవెన్‌లో పెట్టాక మనసు మార్చుకుంది. పైన పెచ్చు గట్టిగా పగిలింది. లోపల మాత్రం తడితడిగా, కత్తికి బంకలా అంటుకుంటూ, ఉడకని హల్వాలా ఉంది. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, “బాగనే ఉంది గని బిడ్డా, జెర నీళ్ళు తే” అన్నాడు. ఆయన ఎవరినీ నొప్పించడు. మిగిలిందంతా నానబెట్టి, ఉల్లిపాయ కోసి, పెనం మీద అట్లు వేశాం. ఆ అట్లు మాత్రం నిజంగానే బాగున్నాయి.

ఎవరిని అడిగినా చెప్పే కారణం ఒకటే: మన గోధుమల్లో ప్రొటీన్ తక్కువ, అందుకే పొంగవు. నేనూ కొంతకాలం నమ్మాను. తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికలు తెరిచి చూశాను. 100 గ్రాముల గోధుమపిండిలో ప్రొటీన్ దాదాపు పదిన్నర గ్రాములు. మైదాలో అంతకన్నా ఓ రవ్వ తక్కువే. మరి మన బేకరీలన్నీ ఆ మైదాతోనే బన్నులు బూరెల్లా పొంగిస్తున్నాయి కదా! తేడా ప్రొటీన్‌లో లేదు. పీచులో ఉంది. గోధుమపిండిలో అది 11 గ్రాములు దాటుతుంది, మైదాలో 3 గ్రాములు కూడా ఉండదు.

ఈ సంస్థ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. తార్నాక మీదుగా పోయేవాళ్ళు రోజూ చూసే ఆ సంస్థ మొదలైంది హైదరాబాదులో కాదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం పెట్టిన చిన్న విభాగం అది. హైదరాబాదుకు వచ్చింది 1958లో. బెరిబెరి అంటే ప్రధానంగా మర పట్టి తవుడు మొత్తం తీసేసిన తెల్ల బియ్యాన్నే నమ్ముకున్నవాళ్ళకు బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు. కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బాగా ఉండేది. అంటే గింజలోంచి ఏం తీసేస్తున్నాం, ఏం ఉంచుకుంటున్నాం అనే గొడవ మనకు కొత్తది కాదు. గోధుమ దగ్గర మాత్రం దాన్ని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుకుంటున్నాం.

సరే, బ్రెడ్డు ఎందుకు పొంగలేదు? గోధుమ గింజలో సుమారు 83 శాతం లోపలి తెల్ల భాగం, 14 శాతం పొట్టు, మిగిలిన కాస్త మొలక. మైదా అంటే ఆ తెల్ల భాగం ఒక్కటే. నీళ్ళు కలిపి పిసికితే సాగే గ్లూటెన్ తయారయ్యేది అక్కడి ప్రొటీన్‌తోనే. పొట్టులోనూ మొలకలోనూ ప్రొటీన్ ఉంది, పట్టికలో లెక్కకూ వస్తుంది, కానీ సాగదు. పైగా పొట్టు ముక్కలు ఆ సాగే పొరల మధ్య అడ్డం పడతాయి. నీళ్ళు కూడా తాగుతాయి, అదీ నిదానంగా. కలిపినప్పుడు సరిగ్గా ఉందనుకున్న ముద్ద అరగంట తర్వాత గట్టిపడి కూర్చోవడానికి కారణం ఇదే. చపాతీ పిండిని కాసేపు తడిబట్ట కప్పి ఉంచమని అమ్మ ఎందుకు చెబుతుందో బ్రెడ్డు దగ్గర గాని నాకు అర్థం కాలేదు.

ఇది సగం కారణం. ఆ బంక సంగతి ఇంకా తేలలేదు. దానికి గిర్నీ లోపలికి వెళ్ళాలి.

గిర్నీలో రెండు ఎమరీ రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా తిరుగుతాయి. పుల్కా పిండి సన్నగా రావాలంటే చక్రం తిప్పి వాటిని ఇంకా బిగిస్తారు. పిండి చేత్తో పట్టుకోలేనంత వేడిగా దిగుతుంది. ఒకసారి ఊరికే చూద్దామని వంటింటి థర్మామీటరు తీసుకెళ్ళి డబ్బాలో గుచ్చాను. 71 డిగ్రీలు. గిర్నీ అన్న నన్ను విచిత్రంగా చూసి, “జ్వరమొచ్చిందా అక్కా పిండికి?” అన్నాడు. వేడి ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు. ఆ ఒత్తిడికి గింజలోని స్టార్చ్ రేణువులు చితికిపోతాయి. చితికిన రేణువు మామూలు దానికంటే ఎన్నో రెట్లు నీళ్ళు పీలుస్తుంది. పిండిలోనే ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్‌కు సులభంగా దొరికిపోయి చక్కెరలుగా విడిపోతుంది. పుల్కాకు ఇదే కావాలి. నీళ్ళు ఎక్కువ పట్టిన ముద్ద పెనం మీద మెత్తగా ఉంటుంది, పొయ్యి మీద ఉబ్బుతుంది, చక్కెరల వల్ల ఎర్రటి మచ్చలు పడతాయి, డబ్బాలో పెడితే సాయంత్రానికీ మెత్తగానే ఉంటుంది. కానీ పుల్కా ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. బ్రెడ్డు గంటలకొద్దీ పులిసి ముప్పావుగంట కాలాలి. ఆలోపు ఎంజైమ్ తన పని పూర్తి చేస్తుంది, చితికిన స్టార్చ్ పట్టుకున్న నీళ్ళన్నీ వదిలేస్తుంది. అదే నా హల్వా.

అంటే గిర్నీ పిండిలో లోపం లేదు. అది పుల్కా కోసం తయారైన పిండి, తన పని చక్కగా చేస్తుంది. నేనే దాన్ని తనది కాని పనికి పంపించాను.

ఇది తెలిసిన తర్వాత మొదట మర కొనలేదు. మళ్ళీ గిర్నీకే వెళ్ళి, పదిహేనేళ్ళలో మొదటిసారి “దొడ్డుగ పట్టు అన్నా” అన్నాను. “రొట్టెలు విరుగుతయ్ అక్కా” అన్నాడు. “రొట్టెలకు కాదు, బ్రెడ్డుకి” అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, చక్రం వెనక్కి రెండు మలుపులు తిప్పి, దిగుతున్న పిండిని బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నలిపి చూసి, ఇంకో పావు మలుపు ముందుకు తిప్పాడు. ఆ వేళ్ళ మధ్య నలపడం ఉంది చూశారా, ఏ పరికరమూ చెప్పలేని లెక్క అది. ఆ పిండితో చేసిన బ్రెడ్డు మొదటిసారి బ్రెడ్డులా వచ్చింది. గొప్పగా కాదు, కానీ కత్తికి అంటుకోలేదు.

అయితే వారానికి అరకిలో పిండి కోసం గిర్నీ ఆపి, రాళ్ళు సడలించి, మళ్ళీ బిగించమని ఎన్నిసార్లు అడుగుతాం? వెనక జనం నిలబడి ఉంటారు. పైగా తక్కువ పిండి పట్టిస్తే మన ముందు పట్టినవాళ్ళది కూడా మనకే వస్తుంది. నా రెండో దొడ్డు పిండిలో సగం ఎవరివో జొన్నలే. జొన్నలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఆ వారం మళ్ళీ ఇటుకే. ఎవరినీ అనడానికి లేదు, రెండు కిలోల డబ్బాలకు గిర్నీ నడవదు.

అలా ఇంటి మర వచ్చింది. మన దగ్గర ఇళ్ళలోకి అమ్మే చిన్న బీరువా లాంటి ఆటా చక్కీల్లో చాలావాటికి లోపల రాళ్ళు ఉండవు. ఉక్కు కడ్డీలు గిర్రున తిరుగుతూ గింజను కొట్టి పగలగొడతాయి. కింద జాలీ ఉంటుంది, దాని రంధ్రాల్లోంచి దూరేంత చిన్నదైతేనే పిండి డబ్బాలోకి దిగుతుంది. జాలీ మారిస్తే పిండి మారుతుంది. నా మరతో ఐదు జాలీలు ఇచ్చారు. చప్పుడు మాత్రం భయంకరం. పక్క ఫ్లాట్ ఆంటీ మొదటి వారం తలుపు కొట్టి, “డ్రిల్లింగ్ ఇంకా ఎన్ని రోజులు?” అని అడిగింది. ఇప్పుడు ఆవిడ ఉలవలు కూడా నా దగ్గరే పట్టించుకుంటోంది. పిండి వేడి కొలిస్తే 46 డిగ్రీలు. రాళ్ళ రాపిడి లేదు కాబట్టి పుల్కాలు మాత్రం గిర్నీ పిండంత మెత్తగా రావు. ఈ మాట మర అమ్మేవాడు మీకు చెప్పడు. నేను పుల్కాల పిండికి ఇప్పటికీ గిర్నీకే వెళ్తాను.

ఇక ఆ ఆరోగ్యం మాటలు. పిండి పట్టిన మూడు రోజుల్లో తొంభై శాతం పోషకాలు ఎగిరిపోతాయని ఒక లెక్క వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. మర అమ్మేవాళ్ళకు అది ప్రాణం. ఒక్కసారి ఆలోచించండి. ఇనుము, జింకు, మెగ్నీషియం ఖనిజాలు. మూత పెట్టిన డబ్బాలోంచి ఎక్కడికి ఎగిరిపోతాయి? పీచుకు రెక్కలున్నాయా? గాలి తగిలి పాడయ్యేది మొలకలోని నూనె, దానితో పాటు కొంత ఇ విటమిన్. గింజ పగిలిన క్షణం నుంచి లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. హైదరాబాద్ మే నెలలో ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది. కొన్ని వారాలకు డబ్బా మూత తీస్తే ముక్కిపోయిన వాసన, నాలుక చివర చిరుచేదు. దాన్ని తప్పించుకోవడానికి పిండి వారం వారం పట్టుకోవడం నిజంగానే మంచిది. ఆ మంచి రుచికి, ఆయుష్షుకు కాదు.

షుగర్ మాట ఇంకా సున్నితం. మన తెలుగిళ్ళల్లో గోధుమ అంటేనే షుగర్ వచ్చాక డాక్టరు రాసిన మందు. నాన్నకు పన్నెండేళ్ళుగా రాత్రిపూట పుల్కాలే. ఇంట్లో పట్టిన పిండి, ఇంట్లో చేసిన బ్రెడ్డు కదా అని ఆయన ధైర్యంగా నాలుగు ముక్కలు తిని, రెండు గంటల తర్వాత వేలు గుచ్చుకుని చూసుకున్నాడు. మర్నాడు అదే సమయానికి అంతే బరువు బేకరీ తెల్ల బ్రెడ్డు తిని చూశాడు. రెండు అంకెలకూ మధ్య తేడా చెప్పుకోదగ్గది కాదు. ఒక్క మనిషి, రెండు పొద్దులు, దీన్ని శాస్త్రం అనలేం. కానీ శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే లెక్క గ్లైసిమిక్ ఇండెక్స్. గ్లూకోజ్‌ను 100 అనుకుని వేసిన 2008 నాటి ఆ అంతర్జాతీయ పట్టికలో తెల్ల బ్రెడ్డు సగటు 75, గోధుమ బ్రెడ్డు సగటు 74. పొట్టు ఉన్నంత మాత్రాన మెత్తటి పిండి నెమ్మదిగా అరగదు. అదే పట్టికలో గింజలు దండిగా వేసిన ప్రత్యేక రకం బ్రెడ్ల సగటు 53. గోధుమ అదే కావచ్చు, అది ఎంత మెత్తబడిందన్నదే పెద్ద తేడా తెస్తోంది. అంటే ఇక్కడా మళ్ళీ గిర్నీ అన్న ప్రశ్నే. (ఇది చదివి మందులు మానేయకండి. నాన్న మానేయలేదు.)

మన భాష సంగతే చూడండి. నూకలు, ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ, దొడ్డు రవ్వ, బరక పిండి, మెత్తటి పిండి, ఆయుర్వేదం వాళ్ళయితే బట్టలో జల్లించిన వస్త్రగాళితం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు “దొడ్డు” అనరు, “బరక” అంటారు. పెసరట్టు పిండి కాస్త బరకగా రుబ్బకపోతే ఆవిడకు కోపం. గారెల పిండి గంధంలా నలిగితే ఇంకో కోపం. ఇన్ని మెట్లు తెలిసిన వంటిల్లు మనది. గోధుమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఆటా’ అని ఒకే పాకెట్టు, ఒకే మెత్తదనం. దాంతోనే చపాతీ, దాంతోనే బ్రెడ్డు, దాంతోనే కేకు. రాకపోతే గోధుమలను తిడతాం.

తాజా పిండి సంగతి కూడా మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. సంక్రాంతి ముందు రోజుల్లో గిర్నీల ముందు తడి బియ్యం గిన్నెలతో నిలబడే ఆడవాళ్ళ వరుస చూడని తెలుగు ఊరు ఉందా? సకినాలకు బియ్యం నానబెట్టి, నీళ్ళు వంపి, తడి ఆరకముందే పట్టించి, ఆ పూటే చుట్టాలి. పిండి ఆరిందా, చుట్టు చుట్టులో విరుగుతుంది. అరిసెలకూ అంతే, తడిపిండిని గిన్నెలో అణిచి మూతపెట్టి, పాకం సిద్ధమయ్యేదాకా గాలి తగలనివ్వరు. పట్టిన పిండి ఒక్క పూటకే ఒకలా ఉంటుందని, తర్వాత ఇంకొకటైపోతుందని మా నానమ్మకు తెలుసు. ఎంజైముల పేర్లు తెలియవు, అంతే.

గోధుమపిండికి మాత్రం ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అప్పుడే పట్టిన పిండితో కలిపిన ముద్ద కొంచెం నీరసంగా, చేతికి జారినట్టు ఉంటుంది. మూడు నాలుగు వారాలు గాలి తగిలితే గ్లూటెన్ బిగుస్తుంది. పాత రోజుల్లో మిల్లులు పిండిని అలా నిలవబెట్టేవి. గోడౌన్‌లో వారాలు ఉంచడం ఖర్చు కాబట్టి ఆ పని క్షణాల్లో చేసే రసాయనాలు వచ్చాయి. వాటిలో ఒకటి పొటాషియం బ్రోమేట్. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్లు పరీక్షించి ఆ ఆనవాళ్ళు బయటపెట్టాక, ఆ ఏడాదే మన దేశంలో దాన్ని నిషేధించారు. ఇంట్లో మొలకతో సహా పట్టిన పిండిని నెల రోజులు నిలవ పెడితే గ్లూటెన్ బిగిసేలోపు నూనె ముక్కిపోతుంది. కాబట్టి తాజాగా వాడటం, ఆ కాస్త నీరసాన్ని భరించడం తప్ప దారి లేదు. నేను భరిస్తాను. ముద్దను టిన్నులో పెడితే గోడలు దానికి ఆసరా ఇస్తాయి. ఫోటోల్లో కనిపించే గుండ్రటి బ్రెడ్డు, లోపల ఉంగరం దూరేంత రంధ్రాలు, ఇవి మైదా చేసే విన్యాసాలు. పూర్తి గోధుమతో వాటికోసం ఏళ్ళు పాడుచేసుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. రంధ్రాల్లోంచి పల్లీల చట్నీ కారిపోతుంది గదా!

నేను చేసేది చెబుతాను. శుక్రవారం రాత్రి అరకిలో గోధుమలు తూచి రెండు వాటాలు చేస్తాను. 350 గ్రాములు సన్న జాలీలో, 150 గ్రాములు ఇడ్లీ రవ్వంత దొడ్డుగా వచ్చే జాలీలో. దొడ్డుదాని మీద 200 గ్రాముల మరిగే నీళ్ళు పోసి, 10 గ్రాముల ఉప్పు కలిపి, మూతపెట్టి పడుకుంటాను. పొద్దున్నకు అది ఉప్మా ముద్దలా బిగిసి ఉంటుంది. పొట్టు తాగాల్సిన నీళ్ళు రాత్రే తాగేసింది, ఇక ముద్దలో నీళ్ళ కోసం పోటీకి రాదు. సన్న పిండిలో 220 గ్రాముల నీళ్ళు పోసి, ఈస్ట్ వేయకుండా కలిపి ముప్పావుగంట వదిలేస్తాను. ఫ్రెంచి బేకింగ్ గురువు రేమాండ్ కాల్వెల్ 1974లో దీనికి ‘ఆటోలీజ్’ అని పేరు పెట్టాడు. మా అమ్మ ‘పిండి నాననీ’ అంటుంది. తర్వాత రెండూ కలిపి, 4 గ్రాముల ఈస్ట్, ఒక చెంచా నూనె వేసి, తడిచేత్తో పది నిమిషాలు. ముద్ద చపాతీ పిండిలా ఉండదు. వడల పిండికీ చపాతీ పిండికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళకు టెన్షన్ వచ్చి ఇంకాస్త పొడిపిండి చల్లుతారు. చల్లకండి. ఇటుకలు పుట్టేది ఆ గుప్పెడు పిండితోనే.

పులియబెట్టడం అనేది మనకు చేతనైన విద్య, కాబట్టి అక్కడే మోసపోతాం. దోసెల పిండి ఒక గంట ఎక్కువ పులిస్తే పుల్లగా ఉంటుంది, తినేస్తాం. ఈ ముద్ద ఒక గంట ఎక్కువ పులిస్తే కుప్పకూలుతుంది, ఎందుకంటే లోపలి గాలిని పట్టుకున్నది ఆ నీరసపు గ్లూటెన్ ఒక్కటే. పూర్తి గింజ పిండిలో ఈస్ట్‌కు తిండి ఎక్కువ, మైదా కంటే త్వరగా పొంగుతుంది. దానికి తోడు మన ఎండలు. బయటి పుస్తకాలు 24 డిగ్రీల దగ్గర రెండు గంటలు అంటాయి. మే నెలలో మా వంటింట్లో 36. ఆ రోజుల్లో ఫ్రిజ్ నీళ్ళు, సగం ఈస్ట్, అయినా గంటలోపే తయారు. రెట్టింపు అయ్యేదాకా ఆగను, ఒకటిన్నర రెట్లు పొంగగానే టిన్నులోకి, టిన్నులో అంచుకు వేలెడు కిందికి రాగానే ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లోకి. 220లో పదిహేను నిమిషాలు, 190కి తగ్గించి ఇంకో ముప్పై, ముప్పై ఐదు. లోపల థర్మామీటరు 96 చూపిస్తే దించుతాను. మధ్యలో కరెంటు పోతే ఓటీజీ తలుపు తీయకుండా దేవుడికి దండం పెట్టుకోవడమే. ఒకసారి నలభై నిమిషాలు పోయింది. ఆ బ్రెడ్డు గురించి మాట్లాడను.

దించాక కోయడానికి మర్నాటిదాకా ఆగాలి. ఇది ఎవరూ పాటించని నియమం, మా ఇంట్లో అసలే పాటించరు.

మర లేనివాళ్ళు ఇదంతా చదివి దిగులు పడక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే గోధుమ రవ్వ 150 గ్రాములు ఇలాగే వేడినీళ్ళలో నానబెట్టి, గిర్నీ పిండికి కలిపి చూడండి. గిర్నీ పిండి ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది, పులియబెట్టే సమయం తగ్గించండి. నేను చెప్పేదానిలో ముప్పాతిక వంతు మీకూ అందుతుంది. మిగిలిన పావు వంతు రుచి. పట్టిన గంటలోపు డబ్బా మూత తీస్తే వచ్చే వాసన తడి నేలకూ పచ్చి జీడిపప్పుకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ పావు వంతుకు ఇరవై వేలు పెట్టాలా అన్నది మీ ఇష్టం.

మర ఉంటే గింజ ఎంచుకునే వీలు కూడా వస్తుంది, దాంతో కొత్త పిచ్చి పట్టుకుంటుంది. మధ్యప్రదేశ్ సీహోర్ షర్బతీ రకం గోధుమ తియ్యగా ఉంటుంది, ముద్ద నెమ్మదిగా సాగుతుంది, నా వారపు బ్రెడ్డు దానితోనే. ఖాప్లీ గోధుమలు మహారాష్ట్ర, కర్ణాటక వైపు నుంచి వస్తాయి, పొట్టు వీడని పాత జాతి. వాసన అద్భుతం, కానీ గ్లూటెన్ బలహీనం. అచ్చంగా దానితో చేస్తే బ్రెడ్డు పక్కలకు పరుచుకుంటుంది. మూడోవంతు కలుపుతాను, అంతకు మించి వెళ్ళను. ఒక దుకాణంలో దీన్ని ‘గ్లూటెన్ లేని గోధుమ’ అని బోర్డు పెట్టి అమ్ముతుంటే చూసి ఆగలేక గొడవ పెట్టుకున్నాను. బలహీనంగా ఉండటం వేరు, లేకపోవడం వేరు. గ్లూటెన్ అసలు పడని సీలియాక్ జబ్బున్న పిల్లకు అది నమ్మి పెడితే ఏమవుతుంది? కుర్రాడు “కస్టమర్లు అడుగుతున్నరు మేడమ్” అన్నాడు. బోర్డు ఇంకా అక్కడే ఉంది.

చివరిగా తిరగలి ఫోటోల గురించి. ఇంటి పిండి అనగానే ఎవరో ఒకరు పట్టుచీర కట్టుకుని ఇసుర్రాయి తిప్పుతున్న బొమ్మ పెడతారు, కింద ‘ఆ రోజులే వేరు’ అని. మా నానమ్మ కోడి కూయకముందు లేచి ఇసిరేది. పాట పాడేది నిజమే. పాట లేకపోతే నిద్ర ముంచుకొస్తుందట. కుడి అరచేతిలో పిడి రాసుకున్నచోట కాయ కాసి ఉండేది, చిన్నప్పుడు నేను దాన్ని గోటితో గీరుతుంటే ఆమెకు తెలిసేది కాదు. వాళ్ళ ఊరికి గిర్నీ వచ్చిన రోజు గురించి అడిగితే ఒకటే చెప్పేది: “ఆ రోజు నేను పొద్దెక్కెదాంక పండుకున్న.” ఆ రాయి ఇప్పుడు మా బాల్కనీలో తులసి కుండీ కింద ఉంది. దానికి కక్కు కొట్టించి, అంటే అరిగిన గాట్లు మళ్ళీ పెట్టించి, వాడమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. నా మీట నొక్కితే నాలుగు నిమిషాల్లో అరకిలో. నానమ్మ ఉంటే ఆ మీట తనే నొక్కేది, ఇంకొంచెం దొడ్డుగా రానీ అని కూడా అనేదేమో, ఆమెకు దొడ్డు రవ్వతో వండే గట్కే ఇష్టం.

ఈ వారం బ్రెడ్డు లేదు. నిన్న ఖాప్లీ డబ్బా మూత తీస్తే అడుగున సన్నటి పొడి, దాంట్లో నల్లగా కదులుతూ ముక్కుపురుగులు. గింజగా ఉంటే ఏడాదైనా నిలవుంటుందని అందరికీ చెప్పే నేను, వేపాకు వేయడం మరిచిపోయాను. రెండున్నర కిలోలు. చాటలో చెరిగి మేడ మీద పాత చీర పరిచి ఆరబోశాను. పావురాలు రాకుండా నాన్న కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.